చలిజ్వరం, కోతులు, మనం



మీ రక్తవర్గం ఏమిటని ఎవరైనా అడిగితే "బి పాజిటివ్" అనో, "ఓ నెగటివ్" అనో చెబుతాం. అందులోని పాజిటివ్, నెగటివ్ అన్న మాట ఆర్‌హెచ్ అనే గుర్తుకు సంబంధించింది. ఆర్‌హెచ్ అంటే రీసస్. రీసస్ అంటే ఉత్తర భారతంలో గుళ్ల దగ్గర, రైల్వే స్టేషన్లలో తిరిగే ఎర్రమూతి కోతి. 1940లో లాండ్‌స్టీనర్, వీనర్ అనే శాస్త్రజ్ఞులు ఆ కోతి రక్తంతో ప్రయోగాలు చేస్తుండగా ఈ గుర్తు బయటపడింది. మనిషి రక్తంలో ఉన్నదీ, కోతి రక్తంలో ఉన్నదీ అచ్చంగా ఒకటి కాదని తర్వాత తేలింది. అయినా పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ విధంగా మన ఆసుపత్రి కాగితాల మీద కోతి పేరు ఇప్పటికీ ఉంది.

కోతికీ మనిషికీ ఉన్న ఈ చుట్టరికం పేరుతో ఆగదు. రెండున్నర కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకులూ ఆ కోతి పూర్వీకులూ ఒకే కుదురు. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. కాని రెండు వంశాలనూ అంటువ్యాధులు వెంటాడుతూనే వచ్చాయి. వ్యాధి మన శరీరాన్ని ఎలా మలిచింది, మన శరీరం ఆ వ్యాధిని ఎలా మలిచింది అన్నదే ఈనాటి నా ప్రసంగాంశం. ఉదాహరణకు ఒక్క వ్యాధినే తీసుకుంటాను. అది మలేరియా. మన పెద్దలు చలిజ్వరం అనేవారు. మనం వదిలి వచ్చిన కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ఊళ్లకూ, సాంచాల చప్పుడు మధ్య బతుకుతున్న ఈ భివండీకీ కూడా అది బాగా తెలిసిన జ్వరమే.

ఈ చరిత్రలో మన తెలుగు నేలకు ఒక ముఖ్యమైన స్థానం ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు సూక్ష్మదర్శిని కింద ఒక దోమ కడుపును పరీక్షిస్తున్నాడు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగింది. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున రాస్ ఆ రోగికి ఇచ్చాడు. దోమ కడుపు గోడలో మలేరియా క్రిమికి గుర్తయిన నల్లని రేణువులు రాస్‌కు కనిపించాయి. అంటే మనిషి రక్తంలోని క్రిమి దోమలోకి వెళ్లి అక్కడ పెరుగుతున్నదన్నమాట. మరుసటి ఏడాది కలకత్తాలో పిట్టలకు వచ్చే మలేరియా మీద పనిచేసి, దోమకాటు ద్వారానే ఆ క్రిమి ఒక పిట్ట నుంచి మరో పిట్టకు చేరుతుందని రుజువు చేశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో స్మారకంగా నిలిచింది.

పిట్టలకు కూడా మలేరియా వస్తుందా అని మీకు అనిపించవచ్చు. వస్తుంది. పిట్టల మలేరియా వేరు, కోతుల మలేరియా వేరు, మనుషుల మలేరియా వేరు. అన్నీ ఒకే కుటుంబానికి చెందిన క్రిములే. ఒక్కొక్క జాతి జీవిని ఒక్కొక్క రకం క్రిమి పట్టుకుని, తరతరాలుగా దానితోపాటు మారుతూ వచ్చింది.

ఇందుకు ఒక చక్కని నిదర్శనం 1931లో కలకత్తాలోనే దొరికింది. అక్కడి ఉష్ణమండల వైద్య విద్యాలయానికి సింగపూర్ నుంచి ఒక పొడవుతోక కోతి వచ్చింది. దాని రక్తంలో కొత్తరకం మలేరియా క్రిమి కనబడింది. ఆ విద్యాలయంలోని నోల్స్, దాస్ గుప్తా అనే వైద్యులు 1932లో దాన్ని వివరంగా వర్ణించారు. నోల్స్ పేరు మీదుగానే దానికి నోలెసై అని పేరు పెట్టారు. పొడవుతోక కోతికి ఆ క్రిమి వల్ల పెద్ద బాధేమీ ఉండదు. కాస్త నలతగా ఉండి తేరుకుంటుంది. అదే క్రిమిని మన దేశపు రీసస్ కోతికి ఎక్కిస్తే, మందివ్వకపోతే ఆ కోతి కొద్ది రోజుల్లోనే చచ్చిపోయింది.

క్రిమి ఒకటే. రెండూ కోతులే, దగ్గరి జాతులే. ఒకటి బతికింది, ఒకటి చచ్చింది. ఎందుకని?

పొడవుతోక కోతులు ఆగ్నేయాసియా అడవుల్లో వేల తరాలుగా ఆ క్రిమితో కలిసి ఉన్నాయి. దాన్ని తట్టుకోలేని కోతులు పిల్లల్ని కనకముందే పోయాయి. తట్టుకున్నవి పిల్లల్ని కన్నాయి. ఆ తట్టుకునే గుణం పిల్లలకు వచ్చింది. ఇలా తరం వెంట తరం జల్లెడ పట్టినట్టు జరిగింది. రీసస్ కోతి వంశం ఆ జల్లెడ గుండా పోలేదు. ప్రకృతి వరణం అని పాఠ్యపుస్తకాల్లో చదివేది ఇదే. ఇందులో కోతి తెలివిగాని, క్రిమి పన్నాగంగాని ఏమీ లేవు. ఎవరు మిగిలారు, ఎవరు మిగలలేదు అన్న లెక్క తప్ప.

అయితే పాత పరిచయమంటే స్నేహమని పొరబడకూడదు. మనిషిని పట్టే మలేరియాల్లో అతి ప్రమాదకరమైనది ఫాల్సిపారం. అది వేల ఏళ్లుగా మనతో ఉంది. ఇప్పటికీ ప్రాణాలు తీస్తూనే ఉంది. మనం ఒక రక్షణ సంపాదిస్తే అది ఒక ఉపాయం సంపాదించింది.

ఫాల్సిపారం మనకు ఎలా వచ్చిందో చూడండి. 1922లో ఆఫ్రికాలోని సియర్రా లియోన్ దేశంలో బ్లాక్‌లాక్, ఆడ్లర్ అనే ఇద్దరు వైద్యులు చింపాంజీ రక్తంలో ఫాల్సిపారంలాంటి క్రిమిని చూశారు. ఆ రక్తాన్ని మనిషికి ఎక్కించి చూశారు. జ్వరం రాలేదు. కారణం చాలాకాలం తర్వాతగాని తెలియలేదు. కణాల పైపొర మీద ఒక రకం చక్కెర అణువులు ఉంటాయి. చింపాంజీ, గొరిల్లా, కోతి కణాల మీద ఉండే ఒక అణువు మనిషి కణాల మీద లేదు. మన పూర్వీకుల్లో ఇరవై, ముప్ఫై లక్షల ఏళ్ల కిందట దాన్ని తయారుచేసే జన్యువు పాడైపోయింది. చింపాంజీ మలేరియా క్రిమి రక్తకణంలోకి దూరేటప్పుడు పట్టుకునేది ముఖ్యంగా ఆ అణువునే. అది లేకపోయేసరికి మన తలుపుకు దాని తాళంచెవి సరిపోలేదు.

మరి మనం గెలిచినట్టేనా? కాదు. గొరిల్లాల్లో ఉన్న ఇలాంటి క్రిమి ఒకటి మనిషి తలుపుకు సరిపడే తాళంచెవితో బయలుదేరింది. ఫాల్సిపారం గొరిల్లాల నుంచి మనిషికి వచ్చిందని 2010లో అడవి గొరిల్లాల, చింపాంజీల విసర్జితాలను వేల సంఖ్యలో పరీక్షించిన శాస్త్రజ్ఞులు తేల్చారు. మనం తాళం మార్చాం. కాలం గడిచాక క్రిమి తాళంచెవి మార్చుకుంది.

ఇక తలుపు దాటి లోపలికి వచ్చిన క్రిమిని ఎదుర్కొనేది మన రోగనిరోధక వ్యవస్థ. తెల్ల రక్తకణాలు క్రిమి ఆనవాళ్లను గుర్తుపట్టి, దానికి తగిన ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ఒకసారి చూసిన ముఖాన్ని గుర్తుంచుకుంటాయి. అందుకే ఒకసారి తట్టు పోసిన పిల్లవాడికి సాధారణంగా మళ్లీ పోయదు. మరి మలేరియా మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది? దీనికి సమాధానం కూడా మన కలకత్తా కోతి క్రిమి నోలెసైనే చెప్పింది. 1965లో బ్రౌన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు రీసస్ కోతుల్లో నోలెసై జ్వరాన్ని చాలాకాలం గమనించారు. ప్రతిసారీ జ్వరం తిరగబెట్టినప్పుడు క్రిమి పై వేషం మారి ఉందని కనిపెట్టారు. కోతి శరీరం పాత వేషాన్ని గుర్తుపట్టేసరికి క్రిమి కొత్త వేషంలో ఉంటున్నది. ఫాల్సిపారం దగ్గర ఇలాంటి వేషాలకు సుమారు 60 జన్యువులు ఉన్నాయని తర్వాత తెలిసింది. మనవైపు గుర్తుపట్టే నేర్పు పెరిగినకొద్దీ, అటువైపు మారువేషాల మూట పెరిగింది.

దీనికి మన జాతి దగ్గరున్న జవాబు వైవిధ్యం. క్రిమి ముక్కల్ని తెల్లకణాలకు చూపించే జన్యువులు మన శరీరంలో కొన్ని ఉన్నాయి. ఇవి మనిషికీ మనిషికీ వేరుగా ఉంటాయి. మూత్రపిండం మార్చేటప్పుడు దాత కోసం అంత వెతకవలసి రావడానికి కారణం ఇవే. వీటిలో ఒక రకం ఉన్న పిల్లలకు తీవ్ర మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1991లో ఆఫ్రికాలోని గాంబియాలో తేలింది. ఇంకో రకం ఇంకో వ్యాధికి పనికివస్తుంది. అందరికీ ఒకే రకం ఉంటే, దాన్ని దాటిన క్రిమి ఊరంతటినీ ఊడ్చేస్తుంది.

రక్తవర్గాల సంగతీ అంతే. ఓ వర్గం వారికి ఫాల్సిపారం జ్వరం ప్రాణాంతకంగా మారే అవకాశం తక్కువ. కాని అదే ఓ వర్గం వారికి కలరా సోకితే తీవ్రంగా ఉంటుంది. ఏ వర్గమూ అన్నిటికీ మంచిది కాదు. ఈ ఏ, బి తేడా మనతో పుట్టినది కూడా కాదు. గిబ్బన్ వంటి తోకలేని వానరాలతో మనం పంచుకున్న, కనీసం రెండు కోట్ల ఏళ్ల పాత ఆస్తి అని 2012లో వెలువడిన పరిశోధన చెప్పింది. ఫలానా కులం రక్తం గొప్పది, ఫలానా ప్రాంతం రక్తం గొప్పది అనేవారు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. రక్తంలో గొప్పతనం ఏదైనా ఉంటే అది తేడాల్లోనే ఉంది.

ఇలా సంపాదించుకున్న రక్షణ ఉచితంగా రాదు. దానికి మనం చెల్లించే వెల ఉంది. 1949లో హాల్డేన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఒక ఊహ చేశాడు. మలేరియా ఉన్నచోటే కొన్ని రక్తదోషాలు వంశపారంపర్యంగా ఎక్కువగా కనిపిస్తున్నాయి, బహుశా ఆ దోషమే మలేరియా నుంచి కాపాడుతున్నదేమో అన్నాడు. ఈయన 1957లో మన దేశానికి వచ్చి, మన పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన ఊహను బలపరుస్తూ 1954లో ఆలిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో కొడవలి కణాల గురించి చూపించాడు. ఈ జన్యువు ఒక్క తల్లి నుంచో, ఒక్క తండ్రి నుంచో వస్తే ఆ బిడ్డకు తీవ్ర మలేరియా నుంచి మంచి రక్షణ ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి, రక్తహీనత, భరించలేని ఒళ్లునొప్పులు జీవితాంతం వెంటాడతాయి.

ఇది ఆఫ్రికా కథ మాత్రమే కాదు. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో ఇది కనిపించింది. ఆదిలాబాద్ గోండుల్లోనూ, ఇటు మహారాష్ట్రలో గడ్చిరోలి, నందుర్బార్ గిరిజనుల్లోనూ ఉంది. వాళ్ల తాతముత్తాతలు దోమల అడవిలో బతికి బట్టకట్టడానికి పనికొచ్చిన రక్షణ, ఇవాళ వాళ్ల మనుమల్లో కొందరికి జబ్బయింది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. అందుకే పెళ్లికి ముందు రక్తపరీక్ష అవసరం. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలన కోసం ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. పాత జ్వరం వదిలిపోయిన బాకీ.

ఇంతవరకూ చెప్పినదంతా నెమ్మదిగా, వేల ఏళ్ల మీద జరిగిన మార్పు. ఇరవయ్యో శతాబ్దంలో మనిషి వేరే దారి పట్టాడు. శరీరం మారేదాకా ఆగకుండా మందు, దోమల మందు చేతబట్టాడు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, 8 లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇంటింటా డిడిటి చల్లారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక పోయింది అనుకున్నారు. కాని దోమల్లో డిడిటికి చావనివి మిగిలి పెరిగాయి. 1973లో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం అస్సాంలో కనబడింది. కార్యక్రమంలో అలసత్వమూ తోడై, 1976లో కేసులు 64 లక్షలకు చేరాయి.

దీని వెనుక ఉన్న లెక్క సులభం. మనిషికి ఒక తరం అంటే సుమారు 25 ఏళ్లు. మన రక్తంలో ఫాల్సిపారం క్రిమి 48 గంటలకొకసారి విభజన చెంది పెరుగుతుంది. మన ఒక్క తరంలో దానికి 4,500 తరాలు గడుస్తాయి. మారడంలో దానితో మన శరీరం పందెం వేయలేదు. మన మందు సగంలో ఆగితే, చావక మిగిలిన క్రిములే మరునాటి విత్తనమవుతాయి.

ఇప్పుడు మన భివండీ సంగతికి వస్తాను. తెలంగాణ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఒకే కారఖానాలో పనిచేస్తారు, ఒకే భిస్సీలో భోంచేస్తారు. రాత్రి పాళీ చేసినవాళ్లు పగలు, పగటి పాళీ చేసినవాళ్లు రాత్రి ఒకే గదిలో పడుకుంటారు. ఊరి నుంచి వచ్చిన మనిషితో పాటు ఆ ఊరి మలేరియా క్రిమి కూడా రావచ్చు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక డ్రమ్ముల్లో నింపి పెట్టుకుంటాం. పట్టణాల్లో మలేరియాను మోసే స్టెఫెన్సై దోమకు కావలసినవి సరిగ్గా ఇలాంటి మంచినీళ్లే. మురికి కాలువ దోమ వేరు, ఇది వేరు. బొంబాయిలో 1911లోనే బెంట్లీ అనే వైద్యాధికారి ఇళ్ల బావులే మలేరియాకు మూలమని నివేదిక ఇచ్చాడు. బావుల స్థానంలో ఇవాళ డ్రమ్ములు, మిద్దెమీది ట్యాంకులు వచ్చాయి.

ఇంకో మలేరియా ఉంది. దాని పేరు వైవాక్స్. ఫాల్సిపారం అంత ప్రాణాంతకం కాకపోయినా మొండిది. రక్తంలోని క్రిములు చచ్చినా, కొన్ని కాలేయంలో నిద్రపోతూ వారాల తరబడి, నెలల తరబడి ఉండి మళ్లీ లేస్తాయి. ఈ నిద్రపోయే క్రిములను 1980లో మొదట చూసింది కూడా రీసస్ కోతి కాలేయంలోనే. పశ్చిమాఫ్రికాలో ఎక్కువమంది రక్తకణాల మీద డఫీ అనే ఒక గుర్తు లేదు. దాంతో వైవాక్స్‌కు అక్కడ దాదాపు తలుపు మూసుకుంది. ఈ రహస్యానికి మొదటి ఆధారం కూడా 1975లో నోలెసై క్రిమితో చేసిన ప్రయోగంలోనే దొరికింది. మనవాళ్లలో దాదాపు అందరికీ డఫీ గుర్తు ఉంది. అంటే మనకు ఆ తలుపు తెరిచే ఉంది.

వైవాక్స్ వచ్చినప్పుడు క్లోరోక్విన్ 3 రోజులు, కాలేయంలోని నిద్రక్రిములకు ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. మూడోనాటికి జ్వరం తగ్గుతుంది. నాలుగోనాడు మనిషి సాంచాల దగ్గర ఉంటాడు. కూలి పోతే ఇల్లు గడవదు, నిజమే. పనికి పోవచ్చు. కాని మాత్రలు మాత్రం ఆపకూడదు. మానేసిన మాత్రలకు బదులు రెండు నెలల తర్వాత మళ్లీ జ్వరం, మళ్లీ వారం రోజుల కూలి నష్టం.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొందరి ఎర్రకణాల్లో జి6పిడి అనే పదార్థం తక్కువగా ఉంటుంది. ఇది కూడా మలేరియా నుంచి కాపాడటానికి పూర్వం నిలిచిన లోపమే. మగవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. అలాంటివారు ప్రైమాక్విన్ మింగితే ఎర్రకణాలు పగిలి మూత్రం నల్లగా రావచ్చు. గర్భిణులకూ, పసిపిల్లలకూ ఈ మాత్ర ఇవ్వరు. అందుకని పక్కవాడి మాత్రలు అడిగి తీసుకోకండి. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పినట్టే వాడండి. మూత్రం రంగు మారితే వెంటనే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లండి. చూశారా, మన తాతలను కాపాడిన లోపమే, మనల్ని కాపాడవలసిన మందుకు అడ్డు పడుతున్నది. పాత పోరాటమూ, కొత్త పోరాటమూ ఒకే నెత్తుటిలో పడుగు పేకల్లా కలిసి ఉన్నాయి.

ఈ పోరాటం ఇంకా ముగియలేదు. కోతుల క్రిమి అనుకున్న నోలెసై మలేషియాలోని సరవాక్‌లో పెద్ద సంఖ్యలో మనుషులకు సోకుతున్నదని 2004లో బల్బీర్ సింగ్ బృందం చూపింది. అడవులు నరికి తోటలు వేసేచోట కోతి, దోమ, మనిషి దగ్గరవుతున్నారు. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒకటి, 2023లో రెండోది, పిల్లలకు రెండు మలేరియా టీకాలను సిఫారసు చేసింది. రెండోదాన్ని తయారుచేస్తున్నది మన పుణెలోని సీరం సంస్థ. ఈ టీకాలు క్రిమి పైపొరలోని ఏ మాంసకృత్తుకు గురిపెడతాయో, దాని జన్యువును 1983లో మొట్టమొదట విడదీసింది కూడా ఆ కలకత్తా కోతి క్రిమి నుంచే.

మన శరీరం లక్షల ఏళ్లలో నేర్చుకున్నది చాలా ఉంది. కాని అది నేర్చుకున్న పద్ధతిలో ప్రతి పాఠానికీ ఎందరో పసిపిల్లల ప్రాణాలు రుసుముగా పోయాయి. మనం ఆ రుసుము మళ్లీ కట్టనక్కరలేదు. డ్రమ్ముకు మూత పెట్టడం, వారానికొకసారి ఖాళీ చేసి తోమి ఆరబెట్టడం, దోమతెర కట్టుకోవడం, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవడం, 14 మాత్రలుంటే పద్నాలుగూ మింగడం, ఇవి మనిషికి మాత్రమే చేతనయిన పనులు. ఏ కోతికీ ఆ వీలు లేకపోయింది. మనకుంది.